కిటికీలోంచి కంప్యూటర్ పీరియడ్

సోమవారం ఉదయం హెడ్మాస్టరు పెట్టుకున్న పని చిన్నది. కంప్యూటర్ గది తాళం తీయాలి, ముసుగులు దులపాలి, మళ్ళీ తాళం వేయాలి. పిల్లలు బడి ఆవరణలో వరసలు కట్టేలోపు ఇది అయిపోవాలి. ఏడాదిగా ప్రతి సోమవారం ఇదే పని. ఆ గదిలోని కంప్యూటర్లకు ఇంతకు మించిన కష్టం ఎప్పుడూ కలగలేదు.

మొత్తం ఇరవై కంప్యూటర్లు. ఒక్కోదానికి ఒక్కో ముసుగు. ఇంట్లో పాత కిటికీ తెరలు కత్తిరించి ఆయన భార్య కుట్టింది. తెరల నిండా పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వులు. కీబోర్డుల మీద అవి వచ్చిననాటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. మౌసులు తోక చుట్టుకుని సొరుగులో పడుకున్నాయి. హెడ్మాస్టరు పద్ధతే అంత. ఆయన ఇంట్లో సోఫాకు తొడుగు ఉంది, తొడుగు మీద దుప్పటి ఉంది. చుట్టాలొస్తే దుప్పటి తీస్తారు. తొడుగు కూడా తీయదగ్గ చుట్టం ఇంకా పుట్టలేదు.

అలాగని ఆ బడిలో కంప్యూటర్ చదువు లేదనుకుంటే పొరపాటు. వారానికొక పీరియడ్ ఉంది. ఏడో తరగతి పిల్లలు వరండాలో కిటికీ దగ్గర నిలబడతారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. లెక్కల మాస్టారు ఊచల మధ్య నుంచి బెత్తం దూర్చి చూపిస్తాడు.

"అదిగో, అది మానిటరు. దాని ముందున్నది కీబోర్డు. ముసుగు కింద ఉంది గనక ఊహించుకోండి."

పిల్లలు ఊహించుకున్నారు. పరీక్షలో కంప్యూటర్ బొమ్మ గీయమంటే అందరూ పొద్దుతిరుగుడు పువ్వులతో సహా గీశారు. అందరికీ పూర్తి మార్కులు పడ్డాయి.

ఆ సోమవారం సగం ముసుగులు దులిపేసరికి ఫోన్ మోగింది. పై ఆఫీసు అధికారి.

"హెడ్మాస్టరుగారూ, కంప్యూటర్లు ఎలా ఉన్నాయి?"

"కొత్తవి కొత్తవిలాగే ఉన్నాయండీ. ఒక్క గీత కూడా పడనివ్వలేదు."

"అదే నేనూ చూస్తున్నాను. పాఠాల సైటులో మీ బడి వాడకం సున్నా గంటలని చూపిస్తోంది. ఏడాది మొత్తానికి సున్నా."

హెడ్మాస్టరు దులుపుగుడ్డ కింద పెట్టాడు. "రేపట్నుంచి మొదలుపెడదామనే..."

"శుక్రవారం వస్తున్నాను. ఆలోపు మీ ఏడో తరగతి పిల్లలు పాఠాలు చదివినట్టు సైటులో కనబడాలి. లేకపోతే ఇరవై కంప్యూటర్లూ పక్క బడికి పంపించేస్తాను. వాళ్ళకున్నవి చాలట్లేదట. ఆ హెడ్మాస్టరుగారు అప్పుడే వ్యాను కూడా మాట్లాడుకున్నారు."

పక్క బడి హెడ్మాస్టరు మరొకరెవరైనా అయితే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. ఆయన ఈయనకు స్వయానా తోడల్లుడు. ఈయన భార్యకు అక్క మొగుడు. పెళ్ళయిన నాటి నుంచీ అత్తగారింట్లో చిన్నల్లుడు తాగిన ప్రతి కాఫీలోనూ పెద్దల్లుడి గొప్పతనం ఒక చెంచా కలిసే వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి వార్త ఆయనకంటే ముందే చేరింది.

"ఏమండీ, మన కంప్యూటర్లు బావగారి బడికి వెళ్ళిపోతున్నాయటగా?"

"నీకెవరు చెప్పారు?"

"అక్క చెప్పింది. అక్కకి బావగారు చెప్పారు. అమ్మకి అక్క చెప్పింది. అమ్మ ఫోన్ చేసి నాకు మళ్ళీ చెప్పింది."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమంటుంది? పెద్దల్లుడికి ఏదిచ్చినా చక్కగా వాడుకుంటాడు, చిన్నల్లుడికి పెళ్ళిలో పెట్టిన వాచీ ఇంకా డబ్బాలోనే ఉంది, అంది."

"ఆ వాచీ మీద ఒక్క గీత ఉందేమో చూపించమను!"

"గీత లేదులెండి. టైము మాత్రం పెళ్ళినాటిదే చూపిస్తోంది." ఆమె కంచం ముందుకు తోసింది. "నేనొకటి చెప్తున్నా వినండి. ఆ కంప్యూటర్లు గనక అటు వెళ్ళాయా, ఇక పుట్టింటి గడప తొక్కలేను. మా అక్క ముందు నా తల లేవదు. మీ ఇష్టం."

హెడ్మాస్టరు కంచం ముందు కూర్చుని లెక్క వేసుకున్నాడు. తల లేవని భార్యతో నెగ్గుకురావచ్చు. పుట్టింటికి వెళ్ళని భార్యతో ఏడాది పొడవునా కాపురం చేయాలి.

ఆ మధ్యాహ్నమే మాస్టర్లను పిలిచి సమావేశం పెట్టాడు. లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు, సైన్సు టీచరు వచ్చారు.

"పిల్లలు ముట్టుకుంటే కంప్యూటర్లు పాడవుతాయి. ముట్టుకోకపోతే పోతాయి. ఏం చేద్దాం?"

సైన్సు టీచరు అందరికంటే చిన్నది. ఏడో తరగతి పిల్లల పేర్లూ, వాళ్ళ తల్లిదండ్రుల ఫోన్ నంబర్లూ సైటులో ఎక్కించింది ఆమే. "ముసుగులు తీసి పిల్లల్ని కూర్చోబెడదాం సార్. అవి వచ్చింది అందుకే కదా."

"నలభై మంది. ఎనభై చేతులు. ఎన్ని వేళ్ళో లెక్క వేశావా అమ్మా?"

"నాలుగొందలు" అన్నాడు లెక్కల మాస్టారు వెంటనే. ఆ బడిలో ఎవరి సబ్జెక్టులో వాళ్ళు ఘనులే. చిక్కంతా పక్కవాడి సబ్జెక్టులోనే వస్తుంది.

"అందుకని పిల్లల పేర్లతో మనమే చదివేద్దాం" అన్నాడు హెడ్మాస్టరు. "బడి వదిలాక. సైటుకి కావలసింది గంటలు. ఎవరి గంటలైతే దానికేం?"

"అది మోసం కదా సార్?"

"మోసం కాదమ్మా. సహకారం."

"అయితే నన్ను వదిలేయండి సార్. ఇంకో సంగతి. ఆ సైటు ప్రతి మంగళవారం రాత్రి పిల్లల ఇళ్ళకి..."

"మంగళవారం సంగతి మంగళవారం చూద్దాం" అని హెడ్మాస్టరు ఆ మాటను అక్కడే తుంచేశాడు.

సాయంత్రం గంట కొట్టాక ముగ్గురు మగవాళ్ళూ కంప్యూటర్ గదిలో చేరారు. ముసుగులు పూర్తిగా తీయడానికి హెడ్మాస్టరుకు మనసు రాలేదు. ముందు భాగం కాస్త పైకెత్తమన్నాడు. ప్లాస్టిక్ మీద నుంచే నొక్కమన్నాడు. ముగ్గురూ పాతకాలం ఫోటోగ్రాఫర్లలాగా తలలు ముసుగుల్లో దూర్చి కూర్చున్నారు.

సైటులో పాఠం చెప్పేది ఒక ఏనుగు బొమ్మ. కళ్ళజోడు పెట్టుకుని, తొండంతో బోర్డు మీద రాస్తుంది. పాఠం కాగానే పది ప్రశ్నలడుగుతుంది. తప్పు చెబితే కోప్పడదు. అదే దానితో వచ్చిన చిక్కు.

హెడ్మాస్టరు సోషల్ చెప్పే మనిషి. ఆయనకు భిన్నాలు తగిలాయి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని ఏనుగు అడిగింది. మూడు కంటే నాలుగు పెద్దదని ఆయనకు బాగా తెలుసు. నొక్కాడు.

"అయ్యో చిన్నారీ! పర్వాలేదు. సరైన జవాబు మూడో వంతు. రొట్టెను ముగ్గురు పంచుకుంటే పెద్ద ముక్క వస్తుంది, నలుగురు పంచుకుంటే చిన్న ముక్క వస్తుంది."

"ఎవర్రా చిన్నారి? నా జుట్టు నెరిసింది కనబడట్లేదా?" అన్నాడు హెడ్మాస్టరు. ఆయనకు చెవి కాస్త మందం. "ఏమంటోంది అది? సరిగా వినబడట్లేదు. గట్టిగా పెట్టండయ్యా!"

గట్టిగా పెట్టారు. ఇంతకంటే గట్టిగా ఉండదన్నంత గట్టిగా పెట్టారు.

డ్రిల్లు మాస్టారికి లాయరుగారమ్మాయి పేరు వచ్చింది. తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల. పాఠం సైన్సు. మొక్క ఆహారాన్ని ఏ భాగంలో తయారుచేసుకుంటుంది? డ్రిల్లు మాస్టారు వేరు మీద నొక్కాడు.

"అయ్యో చిన్నారీ! సరైన జవాబు ఆకు."

"ఆకు తయారుచేస్తుందా? నేలలోంచి లాగేది వేరు కదా సార్!"

"ఏనుగు చెప్పింది కదయ్యా" అన్నాడు హెడ్మాస్టరు.

"దానికేం సార్, ఆకులు తినే జంతువు. దాని ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది."

పదికి పదీ తప్పయ్యాక ఏనుగు కళ్ళజోడు తుడుచుకుని, "మనం రెండో తరగతి పాఠంతో మొదలుపెడదామా?" అంది. డ్రిల్లు మాస్టారు అదీ మొదలుపెట్టాడు. అక్కడా పొసగలేదు.

లెక్కల మాస్టారొక్కడే వెలిగిపోయాడు. దర్జీ కొడుకు పేరుతో లెక్కల పాఠం తీసి పదికి పది కొట్టాడు. ఆ ఉత్సాహంలో ఇంకో పిల్లవాడి పేరుతో వ్యాకరణంలోకి దిగి, మళ్ళీ బయటకు రాలేదు.

రెండు సాయంత్రాలు ఇలాగే గడిచాయి. ఒక పేరు అయ్యాక ఇంకో పేరు. ప్రతి పేరుకూ మళ్ళీ ఏడో తరగతి నుంచి అవే పాఠాలు, అవే ప్రశ్నలు, అవే తప్పులు. బడి వదిలాక పిల్లల్ని గేటు దాకా తరిమేది డ్రిల్లు మాస్టారే. ఆయన లోపల ఏనుగుతో వాదిస్తున్నాడు. వరండాలో అలికిడి వినబడుతూనే ఉంది. కిటికీ దగ్గర ఎప్పుడూ ఉండే అలికిడే గనక ఎవరూ తల బయటకు తీయలేదు.

బుధవారం ఉదయం లాయరు వచ్చాడు. నల్లకోటుతోనే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోకుండా ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"చదవండి."

హెడ్మాస్టరు చదివాడు. 'మీ చిన్నారికి సైన్సులో పదికి సున్నా వచ్చింది. రెండో తరగతి పాఠాలు చదివించగలరు. నిరుత్సాహపడకండి.'

సైన్సు టీచరు మంగళవారం గురించి ఏం చెప్పబోయిందో ఆయనకు అప్పుడు అర్థమైంది.

"మొదటి ర్యాంకు పిల్లండీ!" అన్నాడు లాయరు. "రెండ్రోజులుగా ఆరు దాటాక ఇంటికొస్తోంది. ఎక్కడున్నావే అంటే, కంప్యూటర్ గది దగ్గరే ఉన్నాను నాన్నా, పాఠాలు నేర్చుకుంటున్నాను అంటోంది. అంతసేపు నేర్చుకుని సున్నా ఎలా తెచ్చుకుంటుంది?"

ఆ పిల్ల బడి పరువు కోసం అబద్ధమాడిందనుకున్నాడు హెడ్మాస్టరు. బంగారుతల్లి, అని మనసులోనే దీవించాడు.

"యంత్రం కదండీ. దాని మాటకేం విలువ? కంప్యూటర్ నోటికొచ్చినట్టు చెబుతుంది. మీరు పట్టించుకోకండి."

అంతలో తలుపు తోసుకుని దర్జీ వచ్చాడు. మెడలో టేపు వేలాడుతోంది. ముఖం వెలిగిపోతోంది.

"సార్! మావాడికి లెక్కల్లో పదికి పది వచ్చిందట సార్! ఫోన్‌కి వచ్చింది. నిజమేనా సార్?"

"కంప్యూటర్ ఎప్పుడైనా తప్పు చెబుతుందా?" అనేశాడు హెడ్మాస్టరు. నాలుక కరుచుకునేసరికి ఆలస్యమైపోయింది.

లాయరు కనుబొమలు పైకి లేచాయి. "ఇప్పుడే కదండీ నోటికొచ్చినట్టు చెబుతుందన్నారు?"

"అది సైన్సులో అండీ. లెక్కల్లో నమ్మకంగానే ఉంటుంది."

"అదీ గవదబిళ్ళలతో తెచ్చుకున్నాడు సార్!" అన్నాడు దర్జీ పొంగిపోతూ. "మంచం మీద పడుకుని పదికి పది!"

లాయరు అప్పుడు కూర్చున్నాడు.

"గవదబిళ్ళలు ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి అండీ. దవడలు ఇంతింత వాచిపోయాయి."

"అంటే సోమవారం, మంగళవారం బడికి రాలేదు."

"గుమ్మం దాటలేదండీ, పాపం."

"ఇంటి నుంచి... ఫోన్లో చదివుంటాడు" అని హెడ్మాస్టరు నీళ్ళు నమిలాడు.

"ఫోన్ పొద్దస్తమానం నా జేబులోనే ఉంటుంది సార్. కొలతలన్నీ అందులోనే ఉంటాయి" అన్నాడు దర్జీ అమాయకంగా.

లాయరు లేచి కోటు సర్దుకున్నాడు. "బడికొచ్చిన పిల్లకి సున్నా. రాని పిల్లాడికి పదికి పది. శుక్రవారం అధికారి వస్తున్నారని విన్నాను. నేనూ వస్తాను."

"నేనూ వస్తాను సార్" అన్నాడు దర్జీ. "మావాడికి ఏమైనా సన్మానం చేస్తారేమో."

మిగిలినవి రెండు సాయంత్రాలు. ఆ రెండింటిలో మార్కులు పెంచాలి. ముఖ్యంగా లాయరుగారమ్మాయిని రెండో తరగతి నుంచి పైకి లాగాలి. గురువారం చీకటిపడే వేళకు హెడ్మాస్టరు ముసుగులోంచే కేకేశాడు.

"ఏమయ్యా, అమ్మాయి ఎంతవరకొచ్చింది?"

డ్రిల్లు మాస్టారు ముసుగులోంచి జవాబిచ్చాడు. "నిన్న రెండులో ఉంది సార్. ఇవాళ ఒకటిలోకి దిగింది."

శుక్రవారం అధికారి కారు వచ్చింది. కారు వెనకాలే వ్యాను వచ్చింది. వ్యానులోంచి అట్టపెట్టెలతో తోడల్లుడు దిగాడు. దిగీదిగగానే దర్జీ మెడలోని టేపు అడిగి పుచ్చుకుని, కిటికీలోంచి చేయి పెట్టి దగ్గర్లో ఉన్న మానిటరు కొలవబోయాడు.

"ఏం తమ్ముడూ, ముసుగులు కూడా ఇచ్చేస్తావా? మరదలు ముచ్చటగా కుట్టింది."

"ముసుగులు ఇవ్వను అన్నయ్యా" అన్నాడు హెడ్మాస్టరు. ఇవ్వకుండా ఉండగలిగేది ఇక అవొక్కటేనని ఆయనకు తెలుసు.

అధికారి తన ఫోన్లో సైటు తెరిచి చాలాసేపు చూశాడు. "విచిత్రంగా ఉందండీ. ఈ వారం వాడకంలో మీ బడి అన్నిటికంటే పైన ఉంది. మార్కుల్లో అన్నిటికంటే కింద ఉంది. ఇంత చదివీ ఇంత రాకపోవడం నా సర్వీసులో చూడలేదు. ఈ లాయరుగారు కూడా నాకు ఫిర్యాదు పంపారు. పిల్లల్ని పిలవండి. నా ఎదురుగా చేయమనండి."

"పిల్లలు... ముట్టుకుంటారా అండీ?"

"ముట్టుకోకుండా ఎలా చేస్తారు?"

అధికారి తనే మొదటి ముసుగు లాగి పడేశాడు. సైన్సు టీచరు మిగతావి లాగింది. ఏడాదిగా అణచుకున్న కోరికలా ఉంది, ఒక్కటీ మెల్లగా లాగలేదు. పిల్లలు కీబోర్డుల మీద ప్లాస్టిక్ చింపారు. ఆ చప్పుడు హెడ్మాస్టరుకు గుండెలో వినబడింది.

ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చున్నారు. ఇళ్ళలో పెద్దవాళ్ళ ఫోన్లు నలిపిన వేళ్ళకు మౌసు ఎంతసేపు? పాఠాలు తెరుచుకున్నాయి. ఏనుగులు కళ్ళజోళ్ళు సర్దుకున్నాయి. హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. వ్యాను తలుపు తెరిచే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు.

"శభాష్ చిన్నారీ!" అంది ఒక ఏనుగు.

ఆయన కళ్ళు తెరిచాడు. ఇంకో ఏనుగు శభాష్ అంది. తర్వాత గది గదంతా ఏనుగులు శభాష్‌లు మొదలుపెట్టాయి. పిల్లలు ప్రశ్న పూర్తి కాకముందే జవాబు నొక్కుతున్నారు. మూడో వంతు పెద్దదా అని ఏనుగు ఇంకా అంటూనే ఉంది, తరగతి మొత్తం "మూడో వంతే!" అని అరిచింది. మొక్క ఆహారాన్ని అనగానే "ఆకు!" అంది. సైన్సు, లెక్కలు, వ్యాకరణం, ఎందులో చూసినా పదికి పది.

తోడల్లుడు టేపు మెల్లగా చుట్టి దర్జీ చేతిలో పెట్టాడు. హెడ్మాస్టరు ఛాతీ పొంగింది. అత్తగారు వట్టి కాఫీ, ఏమీ కలపని కాఫీ, ఆయన చేతికిస్తున్నట్టు కళ్ళ ముందు కనబడింది.

"ఇదంతా మా ఉపాధ్యాయుల కృషండీ" అని గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రాలు ఇళ్ళకు కూడా వెళ్ళకుండా..."

"ఆగండి." అధికారి లాయరుగారమ్మాయి పక్కకు వెళ్ళాడు. "ఇంత బాగా చెబుతున్నావే. మరి మొన్న సైన్సులో సున్నా ఎందుకొచ్చిందమ్మా?"

"ఆ సున్నా నాది కాదు సార్" అంది అమ్మాయి. "డ్రిల్లు మాస్టారిది."

డ్రిల్లు మాస్టారు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"మరి నువ్వెక్కడున్నావు?"

"కిటికీ దగ్గర సార్. మా కంప్యూటర్ పీరియడ్ ఎప్పుడూ అక్కడే. సోమవారం నుంచి రోజూ సాయంత్రం మాస్టర్లు లోపల కూర్చుని మా పేర్లతో చేశారు. వాళ్ళు తప్పు చేసినప్పుడల్లా ఏనుగు సరైన జవాబు గట్టిగా చెప్పేది. మేమందరం నిలబడి నేర్చుకున్నాం."

"జవాబులన్నీ అలాగే నేర్చుకున్నారా? అన్ని తప్పులు చేశారా వాళ్ళు?"

"సిలబస్ మొత్తం అయిపోయింది సార్."

లాయరు వారంలో మొదటిసారి నవ్వాడు. దర్జీ మాత్రం బిక్కమొహం వేశాడు. "మరి మావాడి పదికి పది?"

"అది నాది" అన్నాడు లెక్కల మాస్టారు. అందరిలోకీ ఆయనొక్కడే తలెత్తుకుని ఉన్నాడు.

అధికారి తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. కంప్యూటర్లు ఇక్కడే ఉంటాయి, ఇంత నేర్చుకున్న పిల్లల దగ్గర్నుంచి తీసుకెళ్ళడం న్యాయం కాదు. గది తాళం సైన్సు టీచరు దగ్గర ఉంటుంది. ముసుగులు ఈ ఆవరణలో కనబడకూడదు.

"ఇక మీ ముగ్గురి సంగతి" అన్నాడు. "పిల్లలకెంత వచ్చో ఇప్పుడే చూశాను. మీకెంత వచ్చో సైటులో ఉంది. సోమవారం నుంచి రోజూ సాయంత్రం పక్క బడిలో కూర్చుని ఇవే పాఠాలు మీ పేర్లతో చదవండి. ఆ హెడ్మాస్టరుగారు దగ్గరుండి చూసుకుంటారు."

"రా తమ్ముడూ" అన్నాడు తోడల్లుడు, ఖాళీ అట్టపెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తూ. "ముందు బెంచీ నీకోసం అట్టే పెడతాను."

అందరూ వెళ్ళాక సైన్సు టీచరు ముగ్గురి పేర్లూ సైటులో ఎక్కించింది. "సంరక్షకుల ఫోన్ నంబరు తప్పనిసరి సార్. అది లేకపోతే సైటు ముందుకు వెళ్ళనివ్వదు. మీకెవరిది వేయమంటారు?"

హెడ్మాస్టరు చాలాసేపు ఆలోచించాడు. ఆయనను కనిపెట్టుకుని ఉన్న మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆమె నంబరు చెప్పాడు.

ఇంటికి వెళ్ళి కంప్యూటర్లు దక్కాయని చెబితే భార్య మురిసిపోయింది. అక్కకూ అమ్మకూ ఫోన్లు చేసింది. బెంచీ సంగతి ఆయన ఎత్తలేదు. వెంట తెచ్చిన ఇరవై ముసుగులూ సోఫా దుప్పటి మీద పరిచి, వాటి మీద కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. సోమవారం సాయంత్రం నుంచి మాత్రం ఆఫీసు పని ఎక్కువగా ఉందని ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఆమె నమ్మింది.

మంగళవారం రాత్రి ఆమె ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. 'మీ చిన్నారి ఈ వారం చాలా కష్టపడ్డాడు. భిన్నాలు ఇంకా రాలేదు. మొదటి తరగతి పాఠాలు చదివించగలరు. నిరుత్సాహపడకండి.'

ఆఫీసు పని ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. ఏమాత్రం నిరుత్సాహపడలేదు. దాన్ని అలాగే వాళ్ళమ్మకు పంపించింది.